గుండ్లకమ్మ తీరపు గిత్తలు

శ్రావణమాసం చివర వచ్చే అమావాస్యనాడు మన కోర్పనా తాలూకాలో ఏ ఊరికి వెళ్ళినా ఎడ్లకు పని ఉండదు. ముందురోజు సాయంత్రమే కాడి మోసిన మెడలకు వెన్న, పసుపు రాసి కాపడం పెడతారు. తెల్లవారగానే వాగుకు తోలుకుపోయి కడుగుతారు. కొమ్ములకు రంగు పూసి, వీపు మీద అలంకారపు గుడ్డ కప్పి, మెడలో గంటలు కట్టి ఊరి తోరణం కిందికి నడిపిస్తారు. మన మరాఠీ ఇరుగుపొరుగువారు ఈ పండుగను పోళా అంటారు. తెలుగు ఇళ్ళలో పెద్దలు దీనినే పొలాల అమావాస్య అంటారు.

ఆ తోరణం కింద నిలిచిన ఎడ్లను మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. వాటిలో తెల్లని ఒంటితో, ఎత్తయిన మూపురంతో, మడతలు పడి వేలాడే గంగడోలుతో ఉన్న జత కనిపిస్తే జనం కాసేపు ఆగి చూస్తారు. వెంటనే ఏ ఊరివి, ఎంతకు కొన్నారు, ఎన్ని పళ్ళు వేశాయి అనే ప్రశ్నలు మొదలవుతాయి. ఇటువంటి తెల్లని పశువులకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన సీమ ఒకటి పెన్‌గంగకు దక్షిణంగా, ఆంధ్రదేశంలో, సముద్రపు ఒడ్డున ఉంది. అదే ఒంగోలు సీమ. ఆ సీమ కథ, అక్కడి పశువుల కథ ఈ పాఠంలో తెలుసుకుందాం.

మేలుజాతి జంతువులకు పేరుపడిన ప్రాంతాలు చాలా దేశాలలో ఉన్నాయి. మన మహారాష్ట్రలోనే భీమానదీ లోయ ఒకప్పుడు గుర్రాలకు ప్రసిద్ధి. భీమ్‌థడీ గుర్రాలు ఎత్తులో చిన్నవే. కాని కొండదారుల్లో అలసట లేకుండా నడిచేవి, దొరికిన గడ్డి తిని బతికేవి. మరాఠా ఆశ్వికదళానికి వాటివల్ల ఎంతో బలం చేకూరింది. ఇంగ్లండులో పరుగుపందాల కోసం పెంచిన తరోబ్రెడ్ గుర్రాల సంగతి వేరు. పదిహేడవ శతాబ్దం చివర, పద్ధెనిమిదవ శతాబ్దం మొదట్లో తూర్పుదేశాల నుంచి తెచ్చిన మూడు మగ గుర్రాల సంతతిగా ఆ జాతిని చెప్పుకొంటారు. 1791లో ఆ గుర్రాల వంశావళిని పుస్తకంగా అచ్చువేశారు. అప్పటి నుంచి ఆ పుస్తకంలో పేరున్న తల్లికీ తండ్రికీ పుట్టిన గుర్రమే మేలుజాతి గుర్రం అయింది. ఈ పుస్తకం మాట గుర్తుంచుకోండి. మన కథలో దానికి మళ్ళీ పని పడుతుంది.

తెలుగునాట గుర్రాలను మేపి పెంచిన లోయలు పెద్దగా లేవు. కాకతీయుల కాలంలో మోటుపల్లి వంటి రేవులలో సముద్రవ్యాపారం బాగా సాగింది. మోటుపల్లిలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనం ఆ వ్యాపారానికి సాక్ష్యం. సైన్యాలకు కావలసిన మేలిరకం గుర్రాలలో చాలాభాగం ఓడలమీద విదేశాల నుంచి దిగేవి. గుర్రం రాజుగారి జంతువు. రైతు జంతువు మాత్రం ఎద్దే. అందుచేత తెలుగు రైతు తన నేర్పునంతా ఎద్దు మీదనే పెట్టాడు. చిత్రమేమంటే గుర్రాలు దిగిన ఆ మోటుపల్లి రేవుకు ఎంతో దూరం కాని నేలమీదనే ఈ ఒంగోలు పశువులు తయారయ్యాయి.

నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ నది కంభం, మార్కాపురం, అద్దంకి ప్రాంతాల మీదుగా ప్రవహించి ఒంగోలుకు సమీపంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. దానికి దక్షిణంగా మూసి అనే మరొక చిన్న నది ఉంది. హైదరాబాదు నగరం నడుమ పారే మూసీ వేరు, ఇది వేరు. ఈ గుండ్లకమ్మకూ మూసికీ నడుమనున్న భూములే ఒంగోలు జాతికి అసలు పుట్టిల్లు. ఇవి ఏడాది పొడవునా నిండుగా పారే నదులు కావు. వానాకాలంలో పొంగుతాయి, ఎండాకాలంలో ఇసుక మిగులుతుంది. కాని వాటి ఒడ్డున ఉన్న నల్లరేగడి నేల బలమైనది. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలలో పెరిగిన మేతవల్ల పశువులకు గట్టి ఎముక ఏర్పడుతుందని పశువైద్యులు చెబుతారు.

నల్లరేగడి సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. కోర్పనా రైతు పత్తి, జొన్న పండించేది అటువంటి నేలలోనే. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నేలను దున్నడానికి, గుంటక తోలడానికి బలం కావాలి. గుంటకను ఇక్కడ మనం వఖర్ అంటున్నాం. ఒంగోలు సీమలో పూర్వం సేద్యమంతా మెట్ట సేద్యమే. జొన్న, సజ్జ, వరిగ, కంది ముఖ్యమైన పంటలు. జొన్న పండితే మనుషులకు గింజ, పశువులకు చొప్ప. ఇంతేకాక పశువుల మేతకోసమే పిల్లిపెసర చల్లేవారు. అంటే బలమైన ఎద్దు లేకపోతే పంట లేదు, ఆ పంటలేకపోతే ఎద్దుకు మేత లేదు. నేల, పైరు, పశువు ఒకదానినొకటి పెంచుకున్నాయి. 'ఎద్దు ఏడ్చిన సేద్యం, రైతు ఏడ్చిన రాజ్యం' బాగుపడవని మన పెద్దలు చెప్పే సామెత ఇటువంటి నేలల మీద పుట్టిందే అయి ఉండాలి.

ఇక ఆ పశువు ఆకారం చూద్దాం. ఒంగోలు జాతి పశువు ఒళ్ళు తెలుపు. ఎదిగిన ఆబోతులకు తలమీద, మెడమీద, మూపురం మీద బూడిదరంగు నీడ ఉంటుంది. తెల్లని వెంట్రుకల కింద చర్మం మాత్రం నలుపు. కనురెప్పలు, ముట్టె, గిట్టలు, తోక చివరి కుచ్చు కూడా నల్లగానే ఉంటాయి. నుదురు వెడల్పు. కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా, పక్కలకు పెరుగుతాయి. మూపురం నిటారుగా నిలబడుతుంది. మెడకింద గంగడోలు విసనకర్రలాగా మడతలు మడతలుగా విచ్చుకొని పొట్టదాకా సాగుతుంది. ఎదిగిన ఆబోతు అయిదారు వందల కిలోల బరువు తూగుతుంది. ఇంత భారీ పశువు స్వభావం మాత్రం సాధువు. చిన్నపిల్లవాడు పగ్గం పట్టుకొని నడిపించినా వెంట వస్తుంది.

ఈ అందమంతా చూడడానికే అనుకుంటే పొరపాటు. ఎండ పడినప్పుడు తెల్లని వెంట్రుక దానిని వెనక్కు కొడుతుంది. అడుగున ఉన్న నల్లని చర్మం సూర్యరశ్మి కలిగించే హానిని అడ్డుకుంటుంది. వదులైన చర్మం, గంగడోలు మడతలవల్ల ఒంటి పైభాగం విస్తీర్ణం పెరిగి వేడి తేలికగా బయటికి పోతుంది. చర్మం కింద ఉన్న కండరాలను వణికించి ఈగలను తోలుకోగలదు. పిడుదులు అంత తొందరగా పట్టవు. ముతక గడ్డిని కూడా బాగా అరిగించుకుంటుంది. చల్లని దేశాల పశువులు మన ఎండకు నోరు తెరిచి రొప్పుతుంటే ఒంగోలు పశువు నిమ్మళంగా నెమరు వేస్తూ నిలబడి ఉంటుంది.

పాలలో ఇది మొదటివరుస జాతి కాదు. ఒక ఈతలో సగటున ఎనిమిది వందల కిలోల లోపు పాలు ఇస్తుంది. ముర్రా జాతి గేదెతో గాని, విదేశీ సంకర జాతి ఆవుతో గాని ఈ విషయంలో పోల్చలేం. దానిని పెంచిన రైతుకు పాలకన్న బలమైన కోడె ముఖ్యం. అందువల్ల దూడకు పాలు ధారాళంగా వదిలేవాడు. పాలు మరిచిన కోడెదూడను ఇంటిపట్టున కట్టి, జొన్నచొప్ప, ఉలవలు, పత్తిగింజలు, తవుడు పెట్టి పెంచేవాడు. రోజూ ఒళ్ళు రుద్ది కడగడం, సాయంత్రం ఊరిచివరి దాకా నడిపించి తీసుకురావడం ఇంటిలో పిల్లల పని. ఇలా తయారైన గిత్తలను కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు వచ్చి కొనుక్కొని వెళ్ళేవారు. బురద మడులలో, బరువు బండ్లకు వాటికి సాటి లేదు.

పశువును బాగా మేపితే అది బలంగా పెరుగుతుంది, నిజమే. కాని మేపినంత మాత్రాన జాతి తయారుకాదు. జాతి తయారు కావాలంటే ఏ మగదూడ సంతతి నిలవాలో, ఏది నిలవకూడదో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఒంగోలు సీమలో ఆ పని చేసినది ఊరు. అది ఎలా జరిగిందో తెలుసుకుంటే మన భాషలోని ఒక మాట కూడా అర్థమవుతుంది.

అదుపు లేకుండా తిరిగే మనిషిని 'అచ్చోసిన ఆంబోతు' అని తిట్టడం మీరు విని ఉంటారు. అచ్చు వేయడమంటే కాల్చిన ఇనుముతో గుర్తు వేయడం. ఇంటిపెద్ద చనిపోయినప్పుడు కర్మకాండలో భాగంగా ఒక కోడెదూడను దేవుని పేర విడిచిపెట్టే ఆచారం ఉంది. దీనిని వృషోత్సర్జనం అంటారు. ఆ దూడ తొడ మీద శూలం, చక్రం వంటి గుర్తులు కాల్చి వదిలేవారు. ఆనాటి నుంచి అది ఎవరి సొత్తూ కాదు, ఊరి సొత్తు. ఏ చేనులో పడి మేసినా దానిని కొట్టకూడదు. మంచి ఆవుకు పుట్టిన, సుడులు, కొమ్ము, నడక అన్నీ చూసి పెద్దలు ఒప్పుకున్న దూడనే ఇలా విడవాలి. అవిటిదానినీ, పీలదానినీ విడిస్తే చనిపోయినవారికి పుణ్యం రాదని నమ్మేవారు, బతికినవారికి ఊళ్ళో మాట పడేది. ఇలా వదిలిన ఆబోతు ఊరి ఆవులన్నిటికీ విత్తనపు గిత్త అయ్యేది. తక్కిన మగదూడలను విత్తులు కొట్టించి సేద్యపు ఎడ్లుగా చేసేవారు. వాటికి సంతానం ఉండదు. అంటే ప్రతి తరంలోనూ ఏరి నిలిపిన ఒకటి రెండు ఆబోతుల రక్తమే ఊరి మందలోకి దిగేది. వందల ఏళ్ళు ఇదే పద్ధతి సాగింది. ఈనాడు పశుశాస్త్రం చదివినవారు 'ఎంపిక' అని చెప్పే పనిని ఆ రైతులు శ్రాద్ధకర్మగా చేశారు. తిట్టుగా మిగిలిన ఈ మాట వెనుక ఒక జాతిని నిలబెట్టిన ఏర్పాటు ఉందని చాలామందికి తెలియదు.

ఇప్పుడొక చిక్కుప్రశ్న. పశువు ఒంగోలుది కాగా, సముద్రం దాటిన తరువాత దానికి 'నెలోరు' అనే పేరు ఎందుకు వచ్చింది? దీనికి జవాబు జిల్లాల చరిత్రలో ఉంది. 1904 వరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం దానిని గుంటూరు జిల్లాలో చేర్చారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేర ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. పశువులు విదేశాలకు ఓడ ఎక్కిన తొలిరోజులలో అవి నెల్లూరు జిల్లా పశువులు. కాగితం మీద ఉన్న ఆ పేరే బ్రెజిల్ దేశంలో స్థిరపడిపోయింది. సరిహద్దులు మారినప్పుడు పేర్లు ఎలా తికమకపడతాయో మన ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పెన్‌గంగకు ఈ ఒడ్డున ఒక రాష్ట్రం, ఆ ఒడ్డున ఒక రాష్ట్రం ఉన్నా పశువులు రెండు ఒడ్డుల గడ్డీ మేస్తాయి.

బ్రెజిల్ కథ తమాషాగా మొదలైంది. 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగింది. అందులో ఒంగోలు జాతి పశువులు రెండు ఉన్నాయి. అవి అక్కడే అమ్ముడుపోయాయి. పదేళ్ళ తరువాత, 1878లో, రియో డి జనీరో ప్రాంతంలో స్థిరపడిన లెంగ్రూబర్ అనే పశుపాలకుడు జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో ఒంగోలు జంటను చూసి ముచ్చటపడి కొన్నాడు. మన పొలాలలో కాడి మోసే పశువు అక్కడ సింహాలూ ఏనుగులూ ఉన్న చోట వింతజంతువుగా నిలబడి ఉందన్నమాట! ఆ తరువాత బ్రెజిల్ పశుపాలకులు తామే ఓడలు ఎక్కి ఇండియాకు వచ్చి పశువులను ఏరి తీసుకుపోయారు.

వారికి ఈ పశువు ఎందుకు అంతగా నచ్చింది? బ్రెజిల్‌లో పెద్ద భాగం ఉష్ణమండలం. యూరపు నుంచి తెచ్చిన పశువులు ఆ ఎండకు, ఆ పిడుదులకు తట్టుకోలేక చిక్కిపోయేవి. ఒంగోలు పశువుకు అది పుట్టింటి ఎండ వంటిదే. ముతక గడ్డి బయళ్ళలో స్వేచ్ఛగా తిరిగి, మనిషి సాయం లేకుండా ఈని, దూడను సాకింది. అక్కడ వారు దీనిని నాగలికి కట్టలేదు, మాంసం కోసం పెంచారు. వాడుక వేరైనా ఆ పశువులోని ఓర్పు వారికి పనికి వచ్చింది. నేడు బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులు ఉన్నాయి. వాటిలో మాంసపు పశువులలో నూటికి ఎనభై దాకా నెలోరు రక్తం గలవేనని అక్కడి పశుపాలకులు చెబుతారు.

ఆ దేశంవారు చేసిన మరొక పని ఉంది. 1938లో జెబూ పశువులకు, అంటే మూపురం గల మన దేశపు జాతులకు, వంశావళి నమోదు మొదలుపెట్టారు. ఏ దూడ ఏ తండ్రికి, ఏ తల్లికి పుట్టిందో పుస్తకానికి ఎక్కించారు. ఉబెరాబా అనే పట్టణం ఈ పనికి కేంద్రమయింది. ఏటేటా అక్కడ పెద్ద పశుప్రదర్శన జరుగుతుంది. 1960-62 నడుమ ఇండియా నుంచి ఆఖరుసారిగా పెద్ద ఎత్తున పశువులు వెళ్ళాయి. దారిలో జబ్బులు మోసుకురాకుండా వాటిని ఫెర్నాండో డి నొరోన్యా అనే ద్వీపంలో కొంతకాలం ఉంచి, తరువాత దేశంలోకి రానిచ్చారు. ఆ ఆబోతులకు వారు పెట్టుకున్న పేర్లు చదివితే మనకు నవ్వూ వస్తుంది, గుండె కూడా కదులుతుంది. ఒక ఆబోతు పేరు కర్వాది. ఒంగోలు పక్కనున్న కరవది గ్రామమే ఆ పేరు. మరొకటి చెకురుపాదు, అది మన చేకూరపాడు. ఇంకా గోదావరి ఉంది, ఆకాశము ఉంది. తాజమహలు కూడా ఉంది. తెలుగు ఒక్క ముక్క రాని పశుపాలకుడు పోర్చుగీసు భాషలో మాట్లాడుతూ తన మందలోని దూడకు ముత్తాత కర్వాది అని గర్వంగా చెబుతాడు.

2023 జూన్‌లో బ్రెజిల్‌లో వియాతినా-19 అనే నెలోరు ఆవులో మూడో వంతు వాటా వేలానికి వచ్చింది. ఆ వాటా ఒక్కటే సుమారు డెబ్బయి లక్షల రియాళ్ళు పలికింది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ రెండు కోట్ల రియాళ్ళు దాటింది. మన రూపాయలలో అది ముప్పై అయిదు కోట్లకు తగ్గదు. ప్రపంచంలో అత్యంత విలువైన ఆవుగా దాని పేరు రికార్డులకు ఎక్కింది. దాని బరువు వెయ్యి కిలోలకు పైమాటే. అంత ధర దాని ఒంటికి కాదు. దాని అండాల నుంచి పుట్టబోయే దూడలకు, వాటి వెనుక పుస్తకంలో ఉన్న తరతరాల లెక్కకు ఆ ధర.

బ్రెజిల్ ఒక్కటే కాదు. ఇండోనేషియాను డచ్చివారు పాలించిన కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ళలో, ఒంగోలు పశువులను సుంబా ద్వీపంలో దింపారు. సుంబా ఒంగోలు అనే పేరుతో ఆ సంతతి ఇంకా ఉంది. అక్కడ మాత్రం మన పేరు చెక్కుచెదరలేదు. అమెరికాలో బ్రాహ్మన్ అనే జాతిని తయారు చేయడానికి కాంక్రేజ్, గిర్, కృష్ణాలోయ జాతులతోపాటు ఒంగోలు రక్తం కూడా కలిపారు.

ఇంత ఖ్యాతి పొందిన పశువు సొంత ఊళ్ళో ఎలా ఉంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కాదు గాని సంతోషం కాదు.

1920 ప్రాంతంలో గుంటూరు సీమకు వర్జీనియా పొగాకు వచ్చింది. డబ్బు తెచ్చే పైరు కావడంతో త్వరగా వ్యాపించింది. జొన్న వేసిన చోట పొగాకు వేస్తే రైతుకు రొక్కం వచ్చింది, పశువుకు చొప్ప పోయింది. పొగాకు ఆకును ఏ పశువూ మేయదు. తరువాత నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు కొన్ని గ్రామాలకు చేరి వరి వచ్చింది. వరిగడ్డి దొరికింది కాని అది జొన్నచొప్పకు సాటి రాదు. పచ్చిక బీళ్ళు సాగులోకి వచ్చాయి. అచ్చోసిన ఆబోతు చేనులో పడితే ఓర్చుకునే రోజులు పోయాయి. వేలు ఖర్చుపెట్టిన తోటలో ఆబోతు తిరుగుతుంటే పుణ్యం మాట ఎవరికి గుర్తుంటుంది? రైతును తప్పుపట్టలేం. పాల కేంద్రాలు వచ్చాక గేదె లాభసాటి అయింది. ఆవుల పాల దిగుబడి పెంచడానికి విదేశీ జాతుల వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయించారు. సంకర దూడకు మూపురం తగ్గింది, కాడి నిలిచే చోటు పోయింది. ఇన్నిటికీ మించి ట్రాక్టరు వచ్చింది. ఎద్దు పదిరోజులలో దున్నే నేలను అది ఒక పూటలో దున్నుతుంది, పని లేని రోజున మేత అడగదు.

పని పోయిన జంతువును మేపడం ఎవరికైనా భారమే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇంగ్లండు గుర్రానికీ, బ్రెజిల్ నెలోరుకూ పుస్తకం ఉంది. ఒంగోలు గిత్తకు ఊళ్ళలో ఎక్కువగా ఉన్నది రైతు జ్ఞాపకమే. ఫలానా ఆవు ఫలానా ఆబోతుకు కట్టింది, దాని అమ్మమ్మ మహా పాడి అని ఇంటిలో ముసలివారు చెప్పేవారు. ఇల్లు పశువులు మానుకున్నప్పుడు ఆ జ్ఞాపకం కూడా పోతుంది. మిగిలిన పశువులు తక్కువ కావడంవల్ల దగ్గరి రక్తం కలిసే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు ఏది ఎవరి బిడ్డో రాసి పెట్టుకోవడం తప్పనిసరి అవుతుంది.

అయితే జాతి నశించిపోయిందని అనుకోకూడదు. గుంటూరు దగ్గర లాం గ్రామంలో ఉన్న పశుపరిశోధన స్థానంలో ఒంగోలు మందను వంశక్రమం రాసి పెంచుతున్నారు. మేలైన ఆవు పిండాన్ని మామూలు ఆవు గర్భంలో పెట్టి దూడలను పుట్టించే పని కూడా అక్కడ జరిగింది. నెల్లూరు జిల్లా చింతలదేవిలో దేశీయ జాతుల కోసం ఏర్పాటైన పెద్ద పశుక్షేత్రం ఉంది. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ప్రకారం ఈ దేశపు జీవసంపదను విదేశీయులు పరిశోధనకు గాని, వ్యాపారానికి గాని తీసుకోవాలంటే జాతీయ సంస్థ అనుమతి పొందాలి. పాత రోజులలో లాగా ఓడలో ఎక్కించుకొని పోవడం కుదరదు. అదే సంవత్సరం హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు 'వీర' అనే ఒంగోలు గిత్తను చిహ్నంగా పెట్టుకున్నారు.

ఈ జాతిని ఊళ్ళలో ఇంకా నిలబెడుతున్నది మాత్రం బండలాగుడు పోటీ అని నా అభిప్రాయం. సంక్రాంతికి, తిరునాళ్ళకు ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాలలో, రాయలసీమలో ఈ పోటీలు జరుగుతాయి. క్వింటాళ్ళ బరువుగల రాతిబండకు గొలుసు కట్టి ఎడ్లజత చేత లాగిస్తారు. పెట్టిన గడువులో ఎంత దూరం లాగితే అంత గొప్ప. జతలను వయసును బట్టి విభజిస్తారు. వయసు పళ్ళను బట్టి తెలుస్తుంది. పశువుకు పై దవడ ముందుభాగంలో పళ్ళు ఉండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు నడుమనున్న పాలపళ్ళు రెండు ఊడి పెద్దపళ్ళు వస్తాయి. తరువాత ఏడాది అటూ ఇటూగా ఒక్కొక్క జత మారుతుంది. అందుకే పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని పోటీకి పేర్లు. గెలిచే జత ధర లక్షలలో పలుకుతుంది. ఇటువంటి జతను పెంచే రైతు దానిని నాగలికి కట్టడు. దాని మేతకు ఇంటి మనుషుల తిండికన్న ఎక్కువ ఖర్చు పెడతాడు. ఎడ్లను మితిమీరి కొట్టడం, ముల్లుకర్రతో పొడవడం వంటివి కొన్నిచోట్ల జరిగాయని ఫిర్యాదులు వచ్చిన మాట కూడా నిజం. అది తప్పక మానవలసిన పని. కాని పోటీయే లేకపోతే ఆ గిత్తలను ఈపాటికి ఎవరు పెంచుతూ ఉండేవారన్న ప్రశ్నకు సమాధానం తేలికగా దొరకదు.

బ్రెజిల్‌లో ఇన్ని కోట్ల పశువులు ఉండగా ఇక్కడ కొన్ని తగ్గితే నష్టమేమిటని కొందరు అడుగుతారు. అక్కడ మాంసం కోసం ఏరారు. బరువు త్వరగా పెరిగేది నిలిచింది. కాడి కింద మెడ వంచి, మాట విని, సాలు తప్పకుండా నడిచే గుణం అక్కడ ఎవరికీ అవసరం లేదు. ఆ గుణాన్ని ఏరి నిలిపింది గుండ్లకమ్మ ఒడ్డు రైతు. అది ఇక్కడ పోతే అక్కడి నుంచి తెచ్చుకోవడానికి ఉండదు.

మనకు దగ్గరలోనే ఇటువంటి కథ మరొకటి ఉంది. వార్ధా, నాగపూర్ జిల్లాలలో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపున గవళావు అనే తెల్లని పశువుల జాతి ఉంది. గవళీలు పెంచిన జాతి కనుక ఆ పేరు వచ్చింది. ఒంగోలు జాతికీ దీనికీ దగ్గర పోలిక ఉందని పశుశాస్త్రజ్ఞులు చాలా కాలం కిందటే రాశారు. గవళావు ఒంగోలుకన్న తేలిక, ఇరుకు ముఖం, నడకలో వేగం. గోండ్వానా కొండదారులలో సైన్యాల సామాను త్వరగా చేరవేయడానికి మరాఠాలు ఈ ఎడ్లను వాడారు. వార్ధా జిల్లా హేటీకుండిలో వీటిని ప్రభుత్వ క్షేత్రంలో పెంచుతున్నారు. వీటి సంఖ్య కూడా తగ్గింది. కారణాలు మీరు ఇప్పటికే చదివినవే. పొగాకు ఉన్నచోట పత్తి, సోయాబీను అని రాసుకుంటే చాలు.

ఈసారి పొలాల అమావాస్య నాడు తోరణం దగ్గర నిలబడినప్పుడు ఎడ్లను కొంచెం తీరికగా చూడండి. ముందు చర్మం రంగు చూడాలి, అది వెంట్రుక కింద దాగి ఉంటుంది కనుక ముట్టె, కనురెప్ప చూస్తే తెలుస్తుంది. తరువాత కొమ్ము పొట్టిదా పొడవైనదా, నుదురు వెడల్పా ఇరుకా, గంగడోలు ఎక్కడిదాకా దిగింది అనేవి చూడాలి. ఆ ఎద్దు ఏ సంతలో కొన్నారో, దాని తల్లి ఏ ఊరిదో యజమానిని అడగండి. మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు వస్తుంది. రెండవ దానికి అతడు ఇంటిలో ఉన్న ముసలాయన వైపు చూస్తాడు.